వాడిన చక్రముల కుర్చీని కొనువారికి కొన్ని సూచనలు

మన రాయపోలు ప్రాంతమున పక్షవాతము సోకినవారును, తుంటి యెముక విఱిగినవారును, వార్ధక్యముచే నడక తప్పినవారును లేని వాడ యరుదు. అట్టివారికి చేతికఱ్ఱ, వాకరు, చక్రముల కుర్చీ, కమోడు కుర్చీ మొదలగునవి రెండవ కాళ్ల వంటివి. క్రొత్తవాటిని కొనుటకు శక్తి చాలక యెందఱో పాతవాటిని కొనుచున్నారు. ఇందు తప్పేమియు లేదు. అయితే సంతలో నెద్దును కొనువాడు పండ్లు చూచి, నడిపించి చూచి కాని సొమ్ము చెల్లింపడు. నడవలేని మనుష్యుని మోయవలసిన కుర్చీ విషయమున అంతకంటె తక్కువ జాగ్రత్త పనికిరాదు. కావున విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును ఉపయోగించునట్లు కొన్ని సంగతులను వివరింపదలచితిమి.

మొట్టమొదట, కొనవలసిన యవసరము నిజముగా నున్నదా యని విచారింపవలెను. వికలాంగులకు సాధనములనిచ్చు అడిప్ అను కేంద్రప్రభుత్వ పథకము 1981లో ఆరంభమైనది. అఱువదేండ్లు దాటిన పేదలకై రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిలు 1న నెల్లూరులో ఆరంభింపబడినది. ఈ పథకముల క్రింద నిచ్చు సాధనములను 1972లో స్థాపింపబడిన కాన్పూరు నందలి అలింకో సంస్థ తయారుచేయుచున్నది. అర్హులు వయస్సును, ఆదాయమును, వైకల్యమును తెలుపు పత్రములతో సిద్ధిపేటలోని జిల్లా సంక్షేమాధికారి కార్యాలయమున విచారించిన మేలు. ఉచితముగా రాగలదానికి అప్పు చేయుట వివేకము కాదు.

కొనుటయే నిశ్చయమైనచో ముందు మనిషిని కొలువవలెను. కూర్చున్నవాని తుంటికి ఇరుప్రక్కల ఒక్కొక్క అంగుళము మాత్రమే చోటుండవలెను. కుర్చీ మిక్కిలి వెడల్పైన మనిషి ప్రక్కకు వాలిపోవును, చేతులకు చక్రములందవు. ఇఱుకైన తుంటి యొరసికొని పుండ్లు పడును. మోకాలి వెనుకకును కూర్చుండు గుడ్డ అంచునకును నడుమ రెండు మూడు వ్రేళ్ల సందుండవలెను. పాదములానించు పలకలు నేలకు రెండంగుళములకు తక్కువ యెత్తున నుండరాదు.

తరువాత ఇంటిని కొలువవలెను. పెద్దల కుర్చీ తెఱచినప్పుడు సుమారు 25 అంగుళముల వెడల్పుండును. మన పాత యిండ్ల తలుపులలో ననేకము ఇంతకంటె ఇఱుకైనవి, గడపలును ఎత్తైనవి. కుర్చీ చవుకగా దొరకినదని తెచ్చి, అది గది లోనికి పోక వాకిటనే నిలిచిపోయిన యిండ్లను మేము చూచియున్నాము. ఒక అంగుళము ఎత్తెక్కుటకు పండ్రెండంగుళముల వాలు కావలెను. అనగా అఱడుగు గడపకు ఆఱడుగుల వాలుబాట అవసరము.

ఇక కుర్చీ పరీక్ష. మడుచుటకు వీలైన నేటి కుర్చీకి మూలపురుషులు అమెరికాలోని ఎవరెస్టు, జెన్నింగ్సు అను మిత్రులు. గనిలో వెన్నెముక దెబ్బతిన్న ఎవరెస్టు కొఱకు ఇంజనీరగు జెన్నింగ్సు 1933లో దానిని నిర్మించెను. కూర్చుండు గుడ్డ క్రింద కత్తెర వలె నడ్డముగా పోవు రెండు కడ్డీలే దీని ప్రాణము. వాని నడిమి బోల్టును, అతుకులను వెలుతురులో పరీక్షింపవలెను. ఒక్కచోట మాత్రమే క్రొత్త రంగు పూసియుండిన దాని క్రింద పగులున్నదేమో యని అనుమానింపవలెను. చట్రము పగిలిన కుర్చీ ఎంత చవుకైనను వలదు. ట్యూబు, టైరు, చక్రపు పుల్లలు మాత్రము చెడియున్న భయము లేదు. సైకిలు బాగుచేయువాడు వానిని సరిచేయగలడు.

పిమ్మట కుర్చీని ఎత్తి చక్రములను త్రిప్పవలెను. అవి వంకరగా ఊగరాదు. ముందరి చిన్న చక్రముల ఇరుసులలో వెండ్రుకలు, దారములు చుట్టుకొనియుండిన అవి తిరుగక మొరాయించును. బలవంతుడైన ఒకనిని కూర్చుండబెట్టి, రెండు బ్రేకులును వేసి త్రోసి చూడవలెను. కుర్చీ కదలినచో, రోగి మంచముపైకి మారునప్పుడు అది వెనుకకు జరిగి అతనిని పడద్రోయును. వృద్ధులకు తుంటి విఱుగుట యనగా కొన్ని వేళల ప్రాణాపాయమే. గుడ్డ ఊయెల వలె జాఱియుండిన మార్పించవలెను. పగలెల్ల కూర్చుండువారికి మంచి మెత్త లేనిచో పుండ్లు పడును.

విద్యుత్తుతో నడచు కుర్చీ యైన మనిషిని కూర్చుండబెట్టి కొంతదూరము ఎగువకు నడిపి చూడవలెను. బ్యాటరీ ఉబ్బియుండిన కొనరాదు. క్రొత్త బ్యాటరీ వెలను కూడ లెక్కలో చేర్చుకొనవలెను.

చేతికఱ్ఱకును వాకరుకును అడుగున రబ్బరు తొడుగులు చూడవలెను. అఱిగినవి తడినేలపై జాఱును. వానిని మార్చుటకు వ్యయము స్వల్పము. మనిషి నిటారుగా నిలిచి చేయి వ్రేలాడవేసినప్పుడు పిడి మణికట్టునకు సరిగా రావలెను. చంకకఱ్ఱల పైకొన చంకకు రెండు మూడు వ్రేళ్లు క్రిందుగా నుండవలెను. భారము చేతులపై మోపవలెను గాని చంకలపై కాదు. చంకలోని నరములు నొక్కుకొనిన చేయి మొద్దుబారును.

ఇంటికి తెచ్చినదానిని సబ్బునీటితో కడిగి, తుడిచి, ఎండలో ఆరవేయవలెను. మలమూత్రములు ఇంకిన గుడ్డను, మెత్తను పారవేయుటే మేలు.

బేరమాడునప్పుడు అమ్మువాడు చెప్పిన వెలకు మరమ్మతుల వ్యయమును కలిపి, క్రొత్తదాని వెలతో పోల్చి చూడుడు. ఎవరు వాడినది, ఏల అమ్ముచున్నారు అని అడుగుడు. శిబిరములలో పేదలకు ఉచితముగా నిచ్చినవానిని వర్తకులు అమ్మజూపిన కొనకుడు. అది మఱియొక అభాగ్యుని కాలు తీసికొనుట వంటిది. చీటీ వ్రాయించుకొనుడు.

విద్యార్థులారా! తాతగారి కుర్చీ ఆటబండి కాదు. నెలకొకమారు బోల్టులు బిగించి, బ్రేకులు చూచి, ఇరుసులకు చుక్క నూనె వేయుట మీవంటి లేతచేతులకు కష్టము కాదు. అవసరము తీరిన వెనుక దానిని అటుకపై త్రుప్పు పట్టనీయక పొరుగువారిలో కావలసినవారికి ఇండు.