ఇ-విటమిన్ మింగితే లావెక్కుతామా? సన్నబడతామా?

మందుల దుకాణంలో గాజు గోళీల్లా మెరిసే ఆకుపచ్చని క్యాప్సూళ్లను మీరు చూసే ఉంటారు. వాటిలో ఉండేది ఇ-విటమిన్. జుట్టు ఒత్తుగా పెరుగుతుందనీ, ముఖానికి నిగారింపు వస్తుందనీ వాటిని కొనేవారు చాలామంది. అయితే ఈ గోళీల గురించి మరో రెండు మాటలు కూడా వినిపిస్తుంటాయి. బక్కపలచని కుర్రాడితో "రోజుకొకటి మింగరా, ఒళ్లు చేస్తావు" అంటారు. బొద్దుగా ఉన్న అమ్మాయితో "ఇది మింగు, కొవ్వు కరుగుతుంది" అంటారు. ఒకే గోళీ ఒకరిని లావు చేసి, మరొకరిని సన్నబరుస్తుందా? మింగినవాళ్ల కోరిక దానికెలా తెలుస్తుంది చెప్మా!

ఇందులో నిజమెంతో తేల్చాలంటే ఈ విటమిన్ ఎలా బయటపడిందో ముందు తెలుసుకోవాలి. బరువు సంగతి ఆ కథలోనే ఉంది.

అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో హెర్బర్ట్ ఎవాన్స్, కాథరిన్ బిషప్ అనే ఇద్దరు పరిశోధకులు ఎలుకలను పెంచుతూ ఉండేవారు. వాటికి మామూలు తిండి కాకుండా, శుద్ధిచేసిన పదార్థాలను కలిపి పెట్టేవారు. పాలలోని మాంసకృత్తు, మొక్కజొన్న పిండి, పందికొవ్వు, వెన్న, లవణాలు, ఈస్టు. అప్పటికి తెలిసిన విటమిన్లు అందులో ఉండేవి. ఎలుకలు చక్కగా ఎదిగాయి. చూడడానికి ఏ లోపమూ లేదు. కాని ఆడ ఎలుకలు చూలు కట్టినా పిల్లలు పుట్టడం లేదు. పిండాలు గర్భంలోనే చనిపోయి, అక్కడే ఇంకిపోతున్నాయి! అదే తిండికి కాస్త లెట్యూస్ ఆకు చేర్చి పెడితే చక్కని పిల్లలు పుట్టాయి. ఆ ఆకులో ఏదో తెలియని పదార్థం ఉందని 1922లో వారు ప్రకటించారు. గోధుమ గింజలోని మొలక భాగం నుంచి తీసిన నూనెలో అది మరింత సమృద్ధిగా ఉందని తరువాత తేలింది. ఎ, బి, సి, డి అక్షరాలు అప్పటికే వాడుకలోకి వచ్చేశాయి కనుక దీనికి 'ఇ' దక్కింది. 1936లో ఎవాన్స్ బృందం దాన్ని విడిగా రాబట్టి 'టోకోఫెరాల్' అని పేరుపెట్టింది. సంతానాన్ని కలిగించేది అని అర్థం వచ్చే గ్రీకు మాటలతో కూర్చిన పేరది.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. ఆ ఎలుకలకు ఇ-విటమిన్ చాలడం లేదు. అయినా చక్కగా ఎదిగాయి, బరువు పెరిగాయి. ఎవాన్స్ తన ఎలుకలను త్రాసులో తూచి మాత్రమే ఊరుకుని ఉంటే, ఆ విటమిన్ ఆయన కంటపడేదే కాదు.

మరి ఒంట్లో ఇది చేసే పనేమిటి? డబ్బాలో చాలా రోజులున్న జంతికలు ముక్కిన వాసన వేయడం మీకు తెలుసు కదా. జంతికల్లోని నూనెను గాలిలోని ఆక్సిజన్ పాడుచేసిందన్నమాట. మన శరీరంలోని ప్రతి కణం చుట్టూ కూడా కొవ్వు అణువులతో ఏర్పడిన పలుచని పొర ఉంది. ఫ్రీ రాడికల్స్ అనే తుంటరి కణికలు దానిలో ఒక అణువును చెడగొడితే, అది పక్క అణువును చెడగొడుతుంది. పూరిళ్ల వరసలో ఒక ఇంటికి నిప్పంటుకున్నట్టే. ఇ-విటమిన్ ఆ పొరలోనే కాపు కాసి, తన హైడ్రోజన్ పరమాణువును ఆ తుంటరి కణికకిచ్చి దాన్ని చల్లారుస్తుంది. మంట అక్కడితో ఆగిపోతుంది. అలా హైడ్రోజన్‌ను పోగొట్టుకున్న ఇ-విటమిన్‌ను సి-విటమిన్ తిరిగి పనికి సిద్ధం చేయగలదు.

ఇది కొవ్వులో కరిగే విటమిన్. ఒంట్లో దాని నిలవలో అధికభాగం కొవ్వులోనే ఉంటుంది. బహుశా ఇది చూసే కొందరు కొవ్వుకూ దీనికీ పెంచే బంధమో, కరిగించే బంధమో ఉందనుకుంటారు. ధాన్యం గాదెలో ఉంటుంది కదా అని, గాదెను కట్టింది ధాన్యమే అంటామా?

ఇప్పుడొక లెక్క చేద్దాం. పెన్సిలు తీసుకోండి. దుకాణంలో దొరికే క్యాప్సూల్‌లో సాధారణంగా 400 మిల్లీగ్రాముల ఇ-విటమిన్ ఉంటుంది. అందులో ఉన్నదంతా ఒక గ్రాము నూనె అనే అనుకుందాం. గ్రాము కొవ్వు ఇచ్చే శక్తి 9 కాలరీలు. ఒంట్లో ఒక కిలో కొవ్వు చేరాలంటే సుమారు 7,700 కాలరీలు మిగులు పడాలి. భాగించి చూడండి. 855 గోళీలు కావాలి! రోజుకొకటి చొప్పున రెండేళ్ల నాలుగు నెలలు. కొవ్వు కరుగుతుందనే మాటకు ఇంత తేలిక లెక్క లేదు. లావుపాటి వారి శరీరంలో ఆ తుంటరి కణికల బెడద ఎక్కువ కనుక ఇ-విటమిన్ మేలు చేయవచ్చునని కొందరు శాస్త్రజ్ఞులు ఊహించారు. ఊహ బాగానే ఉంది. పరీక్షించి చూడాలి.

"పరీక్ష ఎందుకు? మా అన్నయ్య ఏడాది మింగాడు, ఏడు కిలోలు పెరిగాడు" అని మీలో ఎవరైనా అనవచ్చు. అన్నయ్య వయసెంత? పదమూడు, పద్నాలుగేళ్ల ప్రాయంలో ఎదుగుదల జోరుగా ఉన్నప్పుడు ఏడాదికి ఏడెనిమిది కిలోలు పెరగడం మామూలే. గోళీ మింగకపోయినా పెరిగేవాడు. కనుక గోళీ మింగినవారి పక్కన మింగని వారిని కూడా నిలబెట్టి చూడాలి. అంతేకాదు, మింగని వారికి అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి గోళీ ఇవ్వాలి. ఎవరిది అసలుదో రోగికీ తెలియకూడదు, డాక్టరుకూ తెలియకూడదు.

అలాంటి పరీక్ష ఒకదాని ఫలితాలు అమెరికాలో 2010లో వెలువడ్డాయి. కాలేయంలో కొవ్వు చేరి వాపు వచ్చిన 247 మంది పెద్దవాళ్లను మూడు జట్లు చేశారు. వీరిలో చాలామంది స్థూలకాయులే. 84 మందికి రోజూ 800 యూనిట్ల ఇ-విటమిన్, 80 మందికి పయోగ్లిటజోన్ అనే మందు, 83 మందికి ఉత్తుత్తి గోళీలు. ఇలా 96 వారాలు! ఇ-విటమిన్ జట్టులో నూటికి 43 మందికి కాలేయం మెరుగుపడింది. ఉత్తుత్తి గోళీల జట్టులో నూటికి 19 మందికే. మరి బరువో? పయోగ్లిటజోన్ జట్టువారు సగటున నాలుగున్నర కిలోలకు పైగా పెరిగారు. ఇ-విటమిన్ జట్టుకూ ఉత్తుత్తి జట్టుకూ మాత్రం బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంత మోతాదు, దాదాపు రెండేళ్లు. కాలేయానికి మేలు జరిగింది కాని త్రాసు ముల్లు కదలలేదు. ఇలాంటి 24 పరీక్షల ఫలితాలను 2021లో ఒకచోట చేర్చి చూసినప్పుడు కూడా మొత్తం మీద బరువుపై, నడుము కొలతపై ప్రభావం కనిపించలేదు.

"పోనీ, మింగితే నష్టమేముంది?" అంటారా? ఉంది సుమా! పద్నాలుగేళ్లు దాటిన వారికి రోజుకు 15 మిల్లీగ్రాములు చాలునని అమెరికా నిపుణుల సిఫారసు. 400 మిల్లీగ్రాముల గోళీ అంటే దానికి 26 రెట్లకు పైనే. మోతాదు మించిన ఇ-విటమిన్, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కె-విటమిన్ పనికి అడ్డు తగులుతుంది. రక్తం పలుచబడే మందులు వాడేవారికి ఇది ప్రమాదం. 2001లో అమెరికా, కెనడాలలో 35 వేల మందికి పైగా, 50 ఏళ్లు నిండిన మగవారితో పెద్ద పరీక్ష మొదలైంది. ప్రోస్టేటు గ్రంథికి వచ్చే కాన్సర్‌ను ఇ-విటమిన్ ఆపుతుందేమోనని ఆశ. ఆశించిన మేలు కనబడక 2008లో గోళీలు మాన్పించారు. 2011లో లెక్కలు చూస్తే, రోజూ 400 యూనిట్లు మింగిన జట్టులో ఆ కాన్సర్ ఉత్తుత్తి జట్టులో కన్నా 17 శాతం ఎక్కువగా ఉంది! పైన చెప్పిన కాలేయ రోగులకు ఇచ్చింది డాక్టర్ల పర్యవేక్షణలో, ఒక జబ్బుకు మందుగా. అక్కయ్య డబ్బాలోంచి తీసి మింగడం అలాంటిది కాదు.

మనకు కావలసిన ఇ-విటమిన్ వంటింట్లోనే ఉంది. పెద్ద చెంచాడు పొద్దుతిరుగుడు నూనెలో సుమారు ఐదున్నర మిల్లీగ్రాములు, గుప్పెడు వేరుశెనగ గింజలలో రెండున్నర మిల్లీగ్రాములు దొరుకుతుంది. బాదం, ఆకుకూరలు, గోధుమలు కూడా ఉన్నాయి. గుప్పెడు వేరుశెనగల్లో దాదాపు 170 కాలరీలు ఉంటాయి. వాటిని అదే పనిగా తిని ఎవరైనా లావెక్కితే ఆ ఘనత నూనెది, ఇ-విటమిన్‌ది కాదు.

మామూలుగా తిండి తినేవారికి ఈ విటమిన్ లోపం రావడం చాలా అరుదు. కొవ్వును జీర్ణించుకోలేని జబ్బులున్న వారిలో వస్తుంది. దీన్ని రక్తంలోకి పంపవలసిన ఒక మాంసకృత్తు పుట్టుకతోనే కాలేయంలో సరిగా తయారుకాని వారు కూడా కొద్దిమంది ఉన్నారు. అలాంటి పిల్లల్లో ముందుగా దెబ్బతినేది నరాలు. నడకలో తూలుతారు, మోకాలి చిప్ప కింద తట్టినా కాలు ఎగరదు, కొందరికి చూపు మందగిస్తుంది. వారికి జీవితాంతం పెద్ద మోతాదులో ఇ-విటమిన్ ఇస్తారు. ఎంత చిన్న వయసులో మొదలుపెడితే నరాలకు అంత తక్కువ నష్టం జరుగుతుంది.