ఎంబీఎల్

పూర్తి పేరు మానోస్ బైండింగ్ లెక్టిన్. కాలేయం తయారుచేసి రక్తంలోకి వదిలే ప్రొటీన్. సూక్ష్మజీవుల ఒంటిమీది చక్కెర అణువులను పట్టుకుని, కాంప్లిమెంట్ అనే రక్షణ వ్యవస్థను వాటి మీదికి ఉసిగొల్పుతుంది. ఎంబీఎల్2 జన్యువులో పుట్టుకతో కొన్ని తేడాలుంటే ఇది తగ్గుతుంది. మామూలు రోజుల్లో చాలామందికి ఆ సంగతే తెలియదు. మిగతా రోగనిరోధక శక్తి నెట్టుకొస్తుంది. అవయవ మార్పిడి తర్వాత మందులతో దాన్ని అణచిపెట్టినప్పుడు లోటు బయటపడవచ్చు.

కాలేయ మార్పిడిలో తమాషా ఏమిటంటే, లెక్కలోకి వచ్చేది రోగి జన్యువు కాదు, దాతది! కొత్త కాలేయం దాత రకం ఎంబీఎల్‌నే తయారుచేస్తుంది మరి. నెదర్లాండ్స్‌లోని లైడెన్ పరిశోధకులు 2005లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ తేడాలున్న కాలేయం పొందినవారికి తీవ్రమైన ఇన్ఫెక్షన్లు ఎక్కువగా వచ్చాయి. అలాగని దాతను ఏరుకునే వీలెక్కడిది? కాలేయం దొరకడమే గగనం. ఎవరిని ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలో తెలిస్తే మాత్రం డాక్టర్లకు మేలే.