కారులో ఈల వేసేదెవరు?

గుణదల నుంచి కారులో బయలుదేరి ఏలూరు రోడ్డు ఎక్కారనుకోండి. నాన్నగారు పాటలు పెట్టారు. పాట హాయిగానే వినిపిస్తున్నది. కాని పాట వెనక సన్నగా "కుయ్‌..." మని ఒక ఈల! కారు వేగం హెచ్చితే ఈల శ్రుతి కూడా హెచ్చుతుంది, తగ్గితే తగ్గుతుంది. కారు ఆగి ఉన్నప్పుడు కూడా యాక్సిలరేటరు నొక్కితే చాలు, ఈల పైకి లేస్తుంది. అంటే ఇది చక్రాల చప్పుడు కాదు, ఇంజనుతో సంబంధం ఉన్నదే. మరి ఈ ఈల వేసేదెవరు?

కారులో దీపాలకూ, హారనుకూ, స్టీరియోకూ కరెంటు ఇచ్చేది బ్యాటరీ. ఇస్తూనే పోతే అది త్వరలో ఖాళీ అవుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు నింపటానికి ఇంజను పక్కన ఆల్టర్నేటరు అనే యంత్రం ఉంటుంది. మన మెకానిక్కులు చాలామంది దీన్ని ఇప్పటికీ "డైనమో" అనే అంటారు. పూర్వం కార్లలో ఉండేది నిజంగా డైనమోయే. 1960లో అమెరికాలో క్రైస్లర్ కంపెనీ తన వేలియంట్ కారులో ఆల్టర్నేటరు పెట్టింది. తరవాత క్రమంగా అన్ని కార్లలోకీ అదే వచ్చింది.

తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే తీగలో కరెంటు పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టాడు. ఆల్టర్నేటరులో జరిగేది అదే. ఇంజను బెల్టు విద్యుదయస్కాంతాన్ని తిప్పుతుంది, చుట్టూ ఉన్న తీగచుట్టలలో కరెంటు పుడుతుంది. అయితే అది ఇటూ అటూ ఊగే కరెంటు. బ్యాటరీకి కావలసింది ఒకే వైపు పారే కరెంటు. అందుకని డయోడ్లు అమర్చుతారు. డయోడు అంటే ఒక వైపుకే తెరుచుకునే తలుపు వంటిది. ఆ తలుపులు దాటి వచ్చిన కరెంటులో కూడా చిన్న చిన్న అలలు మిగులుతాయి.

ఆ అలలు ఎన్నో లెక్క కడదామా? 12 ధ్రువాలున్న ఆల్టర్నేటరు ఒకసారి తిరిగితే 36 అలలు వస్తాయి. ఇంజను నిమిషానికి 800 చుట్లు తిరుగుతూ, ఆల్టర్నేటరు దానికి రెండున్నర రెట్లు తిరిగితే 2,000 చుట్లు. అంటే నిమిషానికి 72,000 అలలు, సెకనుకు 1,200. మన చెవికి సెకనుకు 20 నుంచి 20,000 కంపనాల దాకా వినిపిస్తాయి గనక, ఈ అలలు స్పీకరుకు చేరితే ఈలగా వినిపించక తప్పదు!

మరి ఇవి పాటలోకి ఎలా దూరాయి? కారులో కరెంటు తీగ వెంట వెళ్ళి, కారు ఇనుప బాడీ గుండా తిరిగి వస్తుంది. బాడీకి తగిలించిన తీగను "ఎర్త్" అంటారు. గుణదల పక్కనుంచి పోయే ఏలూరు కాలువను తలుచుకోండి. ఎగువన నీటిమట్టం దిగువన కంటె కాస్త హెచ్చు. కాలువ గట్టుకు రెండు చోట్ల గండి పెట్టి, ఆ రెంటినీ పిల్లకాలువతో కలిపితే అందులోనూ నీరు పారుతుంది. కారు బాడీ పెద్ద కాలువ. స్టీరియోకు ముందు ఒక ఎర్త్, డిక్కీలోని ఆంప్లిఫయరుకు వెనక ఇంకొక ఎర్త్. ఆ రెంటినీ కలిపే పాటల తీగే పిల్లకాలువ! ఆల్టర్నేటరు అలలు అందులోకి పారి, పాటతో కలిసిపోతాయి.

ఇక దొంగను పట్టుకుందాం. ఒకసారికి ఒక్క పరీక్షే చెయ్యాలి. నాలుగు మార్పులు ఒక్కసారే చేస్తే ఈల పోయినా, ఎందుకు పోయిందో తెలియదు.

మొదట ఇంజను ఆపి స్టీరియో మాత్రం వెయ్యండి. ఈల పోతే అది ఆల్టర్నేటరుదే. ఫోనును తీగతో స్టీరియోకు కలిపి, కారులోనే చార్జింగుకు పెట్టారా? ఇంజను నడుస్తుండగా చార్జరు తీసి చూడండి. ఈల ఆగితే పిల్లకాలువ అదే; పైసా ఖర్చు లేదు! తరవాత వాల్యూం పూర్తిగా తగ్గించండి. ఈల కూడా తగ్గితే అది వాల్యూం మీటకు ముందే చేరింది. తగ్గకపోతే ఆ తరవాతి తీగలలోనో, ఆంప్లిఫయరులోనో చేరింది. అప్పుడు అన్నీ ఆపి, ఆంప్లిఫయరు నుంచి పాటల తీగ ఊడదీసి, మళ్ళీ వేసి చూడాలి. ఈల పోతే తీగ వెంట వచ్చింది, పోకపోతే ఆంప్లిఫయరు కరెంటు తీగనో, ఎర్తునో అనుమానించాలి.

చికిత్స చాలాసార్లు సులువే. ఎర్త్ తగిలించే చోట రంగునూ తుప్పునూ ఉప్పు కాగితంతో గీకి, పొట్టి లావుపాటి తీగను గట్టిగా బిగించాలి. కరెంటు తీగ కారుకు ఒక పక్కనుంచి, పాటల తీగ రెండో పక్కనుంచి పోవాలి.

ఫిల్టరు కొని ఈలను అణచటం ఆఖరి మార్గం. ఎందుకంటే, ఎవరూ తీగలు ముట్టకుండానే ఈల హఠాత్తుగా మొదలై, దీపాలు మినుకుమినుకుమంటే, ఆల్టర్నేటరులో డయోడు చెడి ఉండవచ్చు. అప్పుడు ఈల దొంగ కాదు, కావలివాడు! వాడి నోరు నొక్కితే, బ్యాటరీ సరిగా నిండక, ఏ రాత్రివేళో కారు దారిలో నిలిచిపోవచ్చు.

ఈ పరీక్షలు పెద్దవాళ్ళు దగ్గరుండగానే చెయ్యాలి. తిరిగే బెల్టు దగ్గర చెయ్యి పెట్టరాదు. తీగలు విప్పేముందు ఇంజను ఆపి, బ్యాటరీ నెగటివ్ తీగ తీసెయ్యాలి. ఇంజను నడుస్తుండగా మాత్రం బ్యాటరీ తీగ ఎన్నడూ ఊడదీయకూడదు. వోల్టేజి ఒక్కసారిగా లేచి స్టీరియో కాలిపోవచ్చు.

గుణదలకు దగ్గరలోనే ఆటోనగర్ ఉన్నది. కారును అక్కడికి తీసుకుపోతే, "ఈల వస్తోందండీ" అని ఊరుకోకండి. "ఇంజను ఆపితే పోతోంది, వాల్యూం తగ్గించినా తగ్గటం లేదు," అని చెప్పండి. సగం మరమ్మతు అప్పుడే అయిపోయినట్టు!