కరెంటు పోయిన తరువాత పంపు

కరెంటు పోగానే అపకేంద్ర పంపు ఆగిపోదు. దాని చక్రము కొంతసేపు తిరుగుచునే యుండును. ఈ మొండితనమునకు కొలతయే జడత్వ భ్రామకము. ప్రతి భాగపు ద్రవ్యరాశిని, ఇరుసునుండి దాని దూరపు వర్గముతో గుణించి కూడవలెను.

ఇది చాలనిచో పంపు కొద్ది సెకండ్లలోనే నెమ్మదించును. పొడవైన గొట్టములోని నీరు మాత్రము ముందుకే సాగును. వెనుక పీడనము పడిపోయి నీటికంబము తెగవచ్చును. తెగిన నీరు తిరిగివచ్చి సమ్మెటవలె మోదును. రష్యా శాస్త్రజ్ఞుడు జుకోవ్‌స్కీ 1898లో ప్రకటించిన సూత్రము ప్రకారము, ఉక్కుగొట్టములో సెకండుకు 1 మీటరు వేగముతో పోవు నీరు హఠాత్తుగా ఆగినచో, సుమారు 100 మీటర్ల ఎత్తు నీటి పీడనము అదనముగా కలుగును. అందుకే కొన్నిచోట్ల ఇరుసుకు బరువైన ఫ్లైవీలు తగిలింతురు.

ఇక విలువల సంగతి. పంపు చక్రము, అందలి నీరు, మోటారు రోటారు అన్నిటిని కూడవలెను. సాధారణముగా రోటారుదే పెద్ద వాటా. పట్టికలలో ఒక చిక్కున్నది. 50 కిలోగ్రాముల పలుచని వలయమునకు వ్యాసార్ధము 0.3 మీటరైన, భ్రామకము 50 × 0.3 × 0.3 = 4.5 కి.గ్రా. మీ². కొందరు తయారీదారులు వ్యాసార్ధమునకు బదులు వ్యాసమునే వర్గము చేసి 18 అని ముద్రింతురు. ఆ 18నే భ్రామకమనుకొన్నచో, పంపు నిజముకంటె నాలుగింతలు మెల్లగా ఆగునని లెక్క తేలును, ఫ్లైవీలు అక్కరలేదనిపించును. గొట్టము పగిలినప్పుడు గాని ఆ తప్పు బయటపడదు.