బావి ఈత, సముద్రపు అల



హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో కాపురముండే మనకు సముద్రము చాలా దూరము. తూర్పుకు పోయినా, పడమటికి పోయినా మూడు వందల కిలోమీటర్లు దాటనిదే ఉప్పునీరు కనబడదు. వాన కొరకు ఆకాశము వైపు చూచి ప్రార్థించే ప్రజలము. అటువంటి మనలోనుండి ఒక యౌవనస్థుడు, బెంగళూరులో ఉద్యోగము చేసేవాడు, సెలవులలో ఒంటరిగా సముద్రతీరము వెంబడి పోయి, రాత్రి గుడారము వేసుకొని పండుకొని, పగలు పలక మీద నిలబడి అలలపై సాగాలని ఆశపడ్డాడు. ఈ ఆటను సర్ఫింగ్ అంటారు.

ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత తల్లిదండ్రులు మా యొద్దకు వచ్చారు. మగ్గము మీద బ్రతికే కుటుంబము. తల్లి కన్నీళ్ళు పెట్టుకొని, "అయ్యగారూ, మా పిల్లోడు ఒక్కడే సముద్రం కాడికి పోతాడంట. ఇసకలో పండుకుంటాడంట. మీరన్నా వద్దని చెప్పండయ్యా, మీ మాటైతే ఇంటాడు" అన్నది. తండ్రి మాత్రము, "వాడికి ఈత వచ్చులే" అన్నాడు.

ఆ మాటే మమ్మును భయపెట్టింది.

మేము వేదాంత విద్య చదివే రోజులలో స్నేహితులము కొందరము సెలవుకు సముద్రము చూడబోయాము. మాలో ఒకడు పెనుకొండ ప్రాంతమువాడు. చిన్ననాడు వీపుకు సొరకాయ బుర్ర కట్టుకొని దిగుడుబావిలో ఈత నేర్చినవాడు, గట్టుమీదనుండి దూకి అడుగున ఉన్న మట్టి తెచ్చి చూపేవాడు. ఆ ధైర్యముతోనే నీళ్ళలో దిగాడు. మేము చూస్తుండగానే నీరు వానిని లోపలికి లాగుకొని పోయింది. వాడు ఒడ్డుకు రావాలని ఎంత బారలు వేసినా ఉన్నచోటనే ఉన్నాడు, తరువాత అక్కడ కూడా లేడు. తెప్ప మీద వస్తున్న ఒక జాలరి వాని జుట్టు పట్టుకొని పైకి లాగాడు. ఆ కంగారులో మేము ఆ మనుష్యుని పేరైనా అడుగలేదు. ఇప్పటికీ అది మాకు బాధగానే ఉన్నది.

అక్కడ జరిగినదేమిటో తరువాత తెలిసికొన్నాము. అలలు ఒడ్డుకు తెచ్చిన నీరు తిరిగి లోపలికి పోవాలి గదా? అది కొన్నిచోట్ల ఇరుకైన కాలువవలె వేగముగా పోతుంది. పైకి చూస్తే ఆ చోటనే అలలు విరగక నెమ్మదిగా కనబడుతాయి, కొత్తవారు అదే మంచి చోటనుకొని దిగుతారు. ఆ లాగుడుకు ఎదురీదితే గజ ఈతగాడైనా అలసిపోతాడు. ఎదురీదకుండా, ఒడ్డు వెంబడి ప్రక్కకు ఈది, ఆ కాలువ దాటిన తరువాతనే ఒడ్డు వైపు తిరగాలి. ఈదలేకపోతే వెల్లకిలా తేలుతూ చేయి ఎత్తి పిలవాలి. విహారయాత్రలకు పిల్లలను తీసుకొనిపోయే సండేస్కూలు టీచర్లు దయచేసి ఈ మాట గుర్తుంచుకోండి. బావిలో నీరు ఎక్కడికీ పోదు గనుక బావి ఈత మనకు ఈ సంగతి నేర్పదు. ఇప్పుడు ఆ బావి ఈత కూడా ఎక్కడిది? బోర్లు వచ్చిన తరువాత మన బావులు ఎండిపోయాయి. మన పిల్లలలో అనేకులు నీళ్ళు దిగకుండానే పెద్దవారవుతున్నారు.

అల మీద మనిషి సాగడము విదేశీయుల వింత అని కొందరు పెద్దలు మాతో అన్నారు. కానీ మన తీరములో జాలరులు కట్టుమరముల మీద అలలు దాటడము ఎప్పటినుండో ఉన్నది. మద్రాసులో హార్బరు కట్టక పూర్వము ఓడలు దూరముగా నిలిచేవి. ప్రయాణికులు మేకులు లేకుండా పలకలను త్రాళ్ళతో కుట్టిన మసూలా పడవలలో ఆ అలలు దాటి ఒడ్డుకు చేరేవారు. పడవ బోల్తాపడితే రక్షించుటకు ప్రక్కనే కట్టుమరముల వారు వచ్చేవారు. మద్రాసులో దిగి బళ్ళారి, కడప ప్రాంతములకు సువార్త తెచ్చిన ఆనాటి మిషనెరీలు ఆ అలలు దాటినవారే.

ఇక సర్ఫింగ్‌కు పుట్టినిల్లువంటి హవాయి దీవులకు 1820లో అమెరికా మిషనెరీలు వెళ్ళారు. వారిలో అనేకులకు ఈ ఆట నచ్చలేదు. వారి సేవను మేము గౌరవిస్తాము గాని, ఈ విషయములో వారితో ఏకీభవించలేము. ఆ దీవులవాడే డ్యూక్ కహనమోకు. 1912, 1920 ఒలింపిక్స్‌లో నూరు మీటర్ల ఈతలో బంగారు పతకములు పొందాడు. 1925 జూన్ 14న కాలిఫోర్నియా తీరములో ఒక పడవ బోల్తాపడగా, తన సర్ఫింగ్ పలక మీద మరలమరల వెళ్ళి ఎనిమిది మందిని ఒడ్డుకు చేర్చాడు. అది చదివినప్పుడు మాకు ఆ తెప్ప జాలరి జ్ఞాపకమునకు వచ్చాడు.

మేము ఆ యౌవనస్థుని పిలిపించాము. వద్దని చెప్పలేదు. తల్లికి మా మీద కొంచెము కోపము కూడా వచ్చింది. ప్రభువు పెందలకడనే లేచి ఒంటరిగా అరణ్య ప్రదేశమునకు వెళ్ళాడని మార్కు మొదటి అధ్యాయములో ఉన్నది. ఆ సువార్తలోనే ఆరవ అధ్యాయములో శిష్యులను మాత్రము ఇద్దరిద్దరిగా పంపాడు. కాబట్టి, "బాబూ, నడువు, ఒంటరిగా పండుకో, ప్రార్థన చేసికో. నీళ్ళలోకి మాత్రము ఒడ్డున చూచేవారు లేకుండా దిగవద్దు. ముందు నేర్చుకో" అన్నాము.

వాడు చెన్నైకి దక్షిణముగా ఉన్న కోవళములో చేరాడు. అక్కడ జాలరుల పిల్లలే సర్ఫింగ్ నేర్చి ఇతరులకు నేర్పుతున్నారు. 2025 ఆగస్టులో ఆసియా పోటీలు జరిగి, రమేష్ బుదిహాల్ అనే మన దేశస్థుడు కాంస్య పతకము గెలిచిన మహాబలిపురము అక్కడికి దగ్గరనే. వారము రోజులు నేర్చుకొన్న తరువాత వాడు తీరము వెంబడి పుదుచ్చేరి వైపు సాగాడు. ప్రతి ఊరిలో పెద్దలను అడిగి, వారు చూపిన చోటనే గుడారము వేసుకొన్నాడట. రెండు రాత్రులు నిద్రపట్టలేదనీ, అలల చప్పుడుకు ఇంటికి పోదామనిపించిందనీ దాచకుండా చెప్పాడు. పలక మీద పూర్తిగా నిలబడినది నాలుగైదు సార్లేనట!

ఇప్పుడు సెలవులకు వచ్చినప్పుడు మా సంఘములోని పిల్లలను, ఇంకా నీరున్న ఒక బావికి తీసుకొనిపోయి, నడుముకు త్రాడు కట్టి ఈత నేర్పుతున్నాడు. త్రాడు రెండవ కొస పట్టుకొని గట్టుమీద కూర్చునేది వాని తల్లి.