నొప్పిని దాచుకోవడం సాక్ష్యం కాదు

మా సంఘంలో అరవై ఎనిమిదేళ్ల తల్లి ఒకరున్నారు. సరూర్‌నగర్ చెరువుకట్ట దగ్గర ఇల్లు. ప్రతి ఆదివారం అందరికంటే ముందే మందిరానికి వచ్చి చాపలు పరిచేవారు. మోకాళ్లు అరిగిపోయి నాలుగడుగులు వేయడం కూడా కష్టమయ్యాక కుడి మోకాలికి మార్పిడి ఆపరేషన్ చేయించుకున్నారు. పదో రోజున పరామర్శకు వెళ్లాను. ‘అయ్యగారూ, నొప్పి బిళ్లలు మానేశాను. నా ప్రభువు సిలువ మీద అంత బాధపడితే నేనీమాత్రం ఓర్చుకోలేనా?’ అన్నారామె. నా కళ్లు చెమర్చాయి. ఆ ఆదివారం ప్రసంగంలో ఆమెను సంఘమంతటికీ మాదిరిగా చూపించాను. అందరూ ‘హల్లెలూయ’ అన్నారు.

ఆరు వారాలు గడిచినా ఆ మోకాలు కుర్చీలో కూర్చునేంత కూడా వంగలేదు. నొప్పికి తాళలేక ఆమె వ్యాయామాలు మానేశారు. బిళ్లలు వేసుకొమ్మని కోడలు బతిమాలితే, ‘అయ్యగారు మందిరంలో అందరిముందూ చెప్పారు గదా, ఇప్పుడెలా వేసుకోను?’ అన్నారట. చివరికి డాక్టర్లు మళ్లీ మత్తు ఇచ్చి ఆ మోకాలిని వంచవలసి వచ్చింది. ఈ సంగతి కోడలు చెప్పినప్పుడు నా తల వాలిపోయింది. ఆ తల్లి బాధలో నా ప్రసంగానికీ భాగముంది.

ఆ తరువాతే నేను డాక్టర్లను అడిగి తెలుసుకున్నాను. ఈ ఆపరేషన్‌లో అరిగిన ఎముకల చివరలను కోసి లోహపు తొడుగులు, వాటి మధ్య ప్లాస్టిక్ పలక అమరుస్తారు. కోసిన చర్మం, కండరం, లోపలి వాపు నొప్పి పెడతాయి. మొదటి రెండు వారాలు నొప్పి తీవ్రంగా ఉంటుంది, ఆ తరువాత వారం వారం తగ్గుతూ వస్తుంది. అయితే ఆ తొలి వారాల్లోనే కాలును వంచుతూ, చాపుతూ ఉండాలి. లేకపోతే లోపల మచ్చ కణజాలం గట్టిపడి కీలు బిగుసుకుపోతుంది. కుర్చీలోంచి హాయిగా లేవాలంటే మోకాలు 90 డిగ్రీలు దాటి వంగాలి. నొప్పి తగ్గితేనే కాలు కదులుతుంది, కదిలితేనే మోకాలు వంగుతుంది. అంటే నొప్పి మందు సుఖం కోసం కాదు, నడక కోసం.

మరి సిలువ దగ్గర బోళము కలిపిన ద్రాక్షారసాన్ని ప్రభువు పుచ్చుకోలేదు కదా (మార్కు 15:23) అని కొందరు అడుగుతారు. నిజమే. అయితే ఆయన శ్రమ లోక పాపానికి పరిహారం, అది ఒక్కసారే సంపూర్ణమైంది. మన మోకాలి నొప్పి ఎవరి పాపానికీ పరిహారం కాదు. అలా అనుకుంటే సిలువకు మన బాధను జోడించినట్లవుతుంది. ఆ ప్రభువే చెప్పిన ఉపమానంలో మంచి సమరయుడు గాయపడినవాణ్ణి ఓర్చుకొమ్మనలేదు, అతని గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టుకట్టాడు (లూకా 10:34). హిజ్కియా పడక మీద నుంచే కన్నీటితో ప్రార్థించాడు, యెషయా అతని పుండు మీద అంజూరపు ముద్ద పెట్టించాడు (యెషయా 38:2, 21). అక్కడ ప్రార్థనా ఉంది, మందూ ఉంది.

ఈ తర్కం కొత్తది కాదు. 1847లో ఎడిన్‌బరోలో డాక్టర్ జేమ్స్ యంగ్ సింప్సన్ ప్రసవ వేదనకు క్లోరోఫామ్ ఇచ్చినప్పుడు, దేవుడు నియమించిన నొప్పిని తీసేయడమేమిటని కొందరు విశ్వాసులు అభ్యంతరపెట్టారు. సింప్సన్ కూడా బైబిలు చేతపట్టుకునే జవాబిచ్చాడు. ఆదాము పక్కటెముకను తీయకముందు దేవుడు అతనికి గాఢనిద్ర కలుగజేశాడు గదా (ఆదికాండము 2:21) అన్నాడు. ఆ క్లోరోఫామ్ ఎంత క్షేమమో తేల్చడానికి 1888, 1889 సంవత్సరాల్లో ప్రయోగాలు జరిగింది మన హైదరాబాదులోనే. ఆరో నిజాం ఖర్చు భరించగా, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ వాటిని నడిపించాడు. ఆ రోజుల్లోనే మత్తు ఇచ్చే వైద్యం నేర్చిన రూపాబాయి ఫర్దూన్జీ ఈ ఊరి డాక్టరే. శస్త్రచికిత్సలో నొప్పి లేకుండా చేయడానికి మన నగరం ఇంత శ్రమపడితే, నొప్పిని మోసుకు తిరగడమే భక్తి అని మనమెలా అనగలం?

కాబట్టి ఆపరేషన్ చేయించుకున్న పెద్దలకు నా మనవి. డాక్టరు రాసిచ్చిన మందు రాసిన వేళకే వేసుకోండి, నొప్పి ముదిరేదాకా ఆగకండి. వ్యాయామానికి అరగంట, ముప్పావుగంట ముందు వేసుకోవచ్చేమో డాక్టరును అడగండి. మెడికల్ షాపులో సొంతంగా కొనుక్కోకండి. బీపీ, షుగరు, కిడ్నీ, కడుపు సమస్యలున్నవారికి కొన్ని బిళ్లలు హాని చేస్తాయి. ఐసును పలుచని బట్టలో చుట్టి పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టుకోండి. దిండు మోకాలి కింద పెడితే హాయిగా ఉంటుంది గాని కాలు చాపడం రాకుండా పోతుంది, మడమ కింద పెట్టుకోండి. జ్వరం, కుట్ల దగ్గర చీము, పిక్కలో నొప్పితో కూడిన వాపు ఉంటే వెంటనే డాక్టరుకు చూపించండి. ఆయాసం, ఛాతీనొప్పి వస్తే క్షణం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. పదిమందిలో ఒకరిద్దరికి నెలలు గడిచినా నొప్పి మిగులుతుంది. అది వారి అవిశ్వాసం కాదు. పౌలు శరీరంలోని ముల్లు మూడుసార్లు వేడుకున్నా తొలగలేదు, కృప మాత్రం తోడుంది (2 కొరింథీ 12:7-9).

‘మోకరించి ప్రార్థించలేకపోతున్నాను’ అని బాధపడేవారు యాకోబును చూడండి. కుంటుతూ నడిచిన ఆ భక్తుడు వృద్ధాప్యంలో చేతికర్రకు ఆనుకుని దేవుణ్ణి ఆరాధించాడు (హెబ్రీ 11:21). మీ వాకర్‌కు ఆనుకుని చేసే ప్రార్థనను ఆయన తక్కువగా చూడడు. ఇక సంఘం చేయవలసింది చాపల వెనక కుర్చీలు వేయడం, ‘ఓర్చుకో’ అనడానికి బదులు వ్యాయామం వేళకు పక్కన కూర్చోవడం.

ఏ ప్రసంగ వేదిక మీద నుంచి ఆ తల్లిని పొగిడానో, అదే వేదిక మీద నుంచి సంఘం ముందు ఆమెను క్షమాపణ అడిగాను. మొన్న ఆదివారం ఆమె కర్ర సాయంతో వచ్చి ముందు వరుసలో కుర్చీలో కూర్చున్నారు. ఆరాధన ముగిశాక నా దగ్గరికి వచ్చి, ‘బిళ్ల వేసుకునే వచ్చానయ్యగారూ’ అని నవ్వారు. నాకు ఆ మాటే సాక్ష్యంగా వినిపించింది.