విరిగిన ఎముకలో ఇంజినీర్‌కి పనుంది!

విరిగిన ఎముకను డాక్టర్ అతికిస్తారనుకుంటాం. నిజానికి ఎముక తనంతట తనే అతుక్కుంటుంది. దాన్ని సరైన చోట కదలకుండా నిలపడమే సర్జన్ పని. అందుకు వాడే ప్లేట్లు, స్క్రూలు, రాడ్లు డిజైన్ చేసేది ఇంజినీర్లు. మెకానికల్, మెటలర్జీ చదివి ‘కోర్ జాబ్స్ ఎక్కడున్నాయ్?’ అని వెతుకుతున్నారా? ఇటూ ఓ చూపు వేయండి.

అతుకు పడేదిలా...
ఎముక విరగగానే అక్కడ రక్తం గడ్డకడుతుంది. కొద్ది వారాల్లో దాని స్థానంలో ‘క్యాలస్’ అనే మెత్తటి కణజాలం ఏర్పడుతుంది. అందులో కాల్షియం చేరి గట్టిపడుతుంది. ఆపైన నెలల తరబడి, బరువు పడే తీరును బట్టి ఎముక తనను తాను సరిదిద్దుకుంటుంది. బరువు పడని చోట పలచబడుతుంది. 1892లో జర్మన్ సర్జన్ జూలియస్ వోల్ఫ్ చెప్పిన సూత్రమిదే.

చిక్కెక్కడ?
ఎముక గట్టి పొర యంగ్స్ మాడ్యులస్ సుమారు 20 గిగాపాస్కల్స్. టైటానియంది 110, స్టెయిన్‌లెస్ స్టీలుది దాదాపు 200. ప్లేటు మరీ బిరుసైతే బరువంతా తనే మోస్తుంది, కింద ఎముక బలహీనపడుతుంది. ఇదే స్ట్రెస్ షీల్డింగ్. ప్లేటు మరీ వంగితే అతుకే పడదు. ఎంత బిరుసు కావాలో తేల్చడమే మీ పని.

మొదలెట్టండిలా...
స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ నోట్స్ మళ్లీ తీయండి. ఫైనలియర్ ప్రాజెక్టుగా ఓ ప్లేటుకు ఫైనైట్ ఎలిమెంట్ అనాలిసిస్ చేయండి. పీజీ చేయాలంటే గేట్‌లో 2020 నుంచి బయోమెడికల్ పేపర్ ఉంది. విశాఖ మెడ్‌టెక్ జోన్, సుల్తాన్‌పూర్ మెడికల్ డివైజెస్ పార్కుల్లోని కంపెనీలపై కన్నేయండి.

ఇంటర్వ్యూలో ‘టైటానియమే ఎందుకు?’ అంటే ‘తుప్పు పట్టదు’ దగ్గరే ఆగొద్దు. ‘ఎముకకూ కాస్త పని మిగలాలి కదండీ’ అనండి.